పొగ లేని పురిటిల్లు

ఇబ్రహీంపట్నంలో మా వీధివాళ్ళు నన్ను "ముక్కు టైలరమ్మ" అంటారు. ఎదురుగా అనరు, నేను సందు మలుపు తిరిగాక అంటారు. నాకు ముక్కుతో పాటు చెవులు కూడా బాగానే పనిచేస్తాయన్న సంగతి వాళ్ళకు తెలియదు. ఇంటి ముందుగదిలోనే జాకెట్లు కుడతాను. కిటికీ కింద మిషను, గోడవారగా గుడ్డలు కత్తిరించే బల్ల, తలుపుకు ఒక అట్టముక్క. "సెంటు, పౌడరు పూసుకున్నవాళ్ళు బయటి నుంచే పిలవండి" అని దాని మీద నేనే పెద్ద అక్షరాలతో రాశాను. అది చదివి నవ్వుకునేవాళ్ళు ఉన్నారు. మూతి ముడుచుకుని పక్క వీధి టైలరు దగ్గరికి పోయినవాళ్ళూ ఉన్నారు. పోతే పోనీ అనుకుంటాను. ముందు ఊపిరి ఆడితే కదా, తర్వాత జాకెట్టు కుట్టేది.

నాకు పొగ పడదు. అగరుబత్తి, అత్తరు, ఫినాయిలు, గోడకు వేసిన కొత్త రంగు, బట్టలు ఉతికాక చివర్లో ముంచే ఆ పూలవాసన నీళ్ళు, ఏదీ పడదు. ముందు గొంతు పోతుంది. మాట్లాడుతూ ఉండగానే మాట గరగరమని, ఉత్త గాలి మిగులుతుంది. తర్వాత తల దిమ్మెక్కుతుంది, ఛాతీ బిగుస్తుంది. మర్నాడంతా జ్వరం వచ్చి తగ్గిన మనిషిలా పడి ఉంటాను. చిన్నప్పుడు ఇదేమీ లేదు. పెళ్ళయి, బిడ్డ పుట్టి, ఆ బిడ్డ బడికి పోయే రోజుల్లో మెల్లగా మొదలై ఏడాదికేడాది ముదిరింది. పట్నంలో ఊపిరితిత్తుల డాక్టరు నోట్లో పెట్టుకుని పీల్చే పంపు రాసిచ్చి "పడని వాటికి దూరంగా ఉండండి" అన్నాడు. ఆ దూరం ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. పొద్దున బస్సెక్కితే శేరిగూడ కాలేజీలకు పోయే పిల్లలు ఒంటినిండా స్ప్రే కొట్టుకుని ఎక్కుతారు. ఆటో ఎక్కితే అద్దం దగ్గర సెంటు బుడ్డి వేలాడుతుంటుంది. ఇంట్లోనే ఉందామంటే వెనకింటాయన చెత్తకు నిప్పు పెడతాడు. "ఆకులే గదమ్మా" అంటాడు. ఆకుల కింద ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయని అరిచి చెప్పాలనుకుంటాను. అరవడానికి అప్పటికి గొంతు ఉండదు. ఈ జబ్బు పెట్టే అన్యాయాల్లో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. డీజిలు వాసనతో ఇంట్లోకి రాకూడదని పెరట్లోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని వస్తాడు. చలికాలమైనా అంతే. ఇన్నేళ్ళలో ఒక్కసారి విసుక్కోలేదు. "డిపోల మేనేజరు కంటె నీ చెకింగే ఎక్కువున్నది" అని మాత్రం అంటాడు. నేను నవ్వేసి ఊరుకుంటాను. అట్లాంటి మనిషి దొరకడం నా అదృష్టమని ఆయనకెప్పుడూ చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతాడు.

ఒంటి బాధ ఒక ఎత్తు, దాన్ని ఇంకొకరికి చెప్పడం ఒక ఎత్తు. మోకాలు నొప్పి అంటే అయ్యో అంటారు. నీ మీది నుంచి వచ్చే వాసన పడట్లేదంటే మనసు విరుగుతుంది. మన దగ్గర ఆ మాటకు ఇంకో బరువు కూడా ఉంది. ఒకసారి కూలి పని చేసుకునే ఒకామె తన కూతురికి జాకెట్టు కుట్టమని గుడ్డ తెచ్చింది. గుడ్డ నిండా సబ్బు పొడి ఘాటు. నేను వెనక్కి జరిగి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. "మా వాసన గిట్టదా అక్కా?" అంది. నీ వాసన కాదు తల్లీ, సబ్బు వాసన అని చెప్పాను. తల ఊపింది కానీ నమ్మలేదు. ముక్కులు మూసుకునేవాళ్ళను పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మనిషి, నన్ను ఒక్కదాన్ని ఎందుకు నమ్మాలి? మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఆమె ముఖం గుర్తొస్తే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

నా బిడ్డ పెళ్ళి మాటలప్పుడు కూడా ఇట్లాంటిదే జరిగింది. అబ్బాయివాళ్ళది యాచారం దగ్గర పల్లె. సేద్యం చేసే కుటుంబం. ఉన్న పొలంలో సగం ఫార్మా సిటీ కోసం పోయింది, మిగిలిన దాంట్లో టమాటా, ఆకుకూరలు వేస్తారు. నాలుగు బర్రెలున్నాయి. పిల్లలిద్దరూ పట్నంలో ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడ్డారు కాబట్టి మేము పెద్దగా మాట్లాడేది ఏమీ లేదు, చాయ్ తాగి ముహూర్తం అనుకుని రావడమే. అయితే పట్నం దిక్కు నుంచి చుట్టాలొస్తున్నారని వాళ్ళు ఇల్లంతా కడిగి, ఫినాయిలు పోసి, గదుల్లో సెంటు స్ప్రే కొట్టి, దేవుడి దగ్గర అగరుబత్తులు గుత్తిగా వెలిగించారు. మర్యాద అంతా గాలిలోనే పెట్టారు. చాయ్ గ్లాసు చేతిలోకి వచ్చేసరికి నా గొంతు పోయింది. ఏమీ చెప్పలేక గ్లాసు పట్టుకుని బయటికి నడిచి, బర్రెల కొట్టం దగ్గర రాతిబండ మీద కూర్చున్నాను. పేడ వాసన, గడ్డి వాసన నన్నేమీ చేయవు. అక్కడ హాయిగా ఊపిరి తీసుకున్నాను.

కాబోయే వియ్యపురాలు గడపలో నిలబడి నన్ను చూసింది. కుర్చీ వేసి కూర్చోబెడితే లేచిపోయి బర్రెల దగ్గర కూర్చున్న మనిషిని చూసి ఆమె ఏమనుకుందో నాకు అప్పుడే అర్థమైంది. మా ఆయన నా జబ్బు సంగతి వివరంగా చెప్పాడు. "అవ్ అన్నా, అట్లనే" అంది ఆమె. ఆ తర్వాత పెళ్ళిలో, పండుగల్లో ఎప్పుడు కలిసినా మర్యాదగానే మాట్లాడేది. మర్యాద కంటే ఒక్క పిసరు కూడా ఎక్కువ మాట్లాడేది కాదు.

బిడ్డకు నెల తప్పింది. తొలి కాన్పు తల్లిగారింట్లోనే కాబట్టి ఏడో నెలలో మా ఇంటికి వచ్చింది. మూడో నెల నిండేదాకా తల్లీబిడ్డా మా దగ్గరే ఉండాలి, అది ఆనవాయితీ. ఆ నెలల కోసం నేను ఎంత ఎదురుచూశానో చెప్పలేను. కొత్త గుడ్డకు పెట్టే గంజి వాసన నాకు పడదు, పసిపిల్లకూ మంచిది కాదని పాత నూలు చీరలు తీసి, ఉతికి, ఎండలో ఆరేసి జుబ్బాలు, పొత్తిగుడ్డలు కుట్టాను. కుట్టు లోపలికి తగలకుండా తిరగేసి కుట్టాను. ఊళ్ళోవాళ్ళ జాకెట్లన్నీ ఆలస్యమయ్యాయి, అందరితో తిట్లు తిన్నాను.

దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తెచ్చిన మరునాడు వియ్యపురాలు వచ్చింది. చేతిలో పెద్ద మూట. మంచం పక్కన కూర్చుని ముడి విప్పింది. సాంబ్రాణి, గుగ్గిలం, ఎండిన వేపాకు, నెలల తరబడి దాచిన ఎల్లిగడ్డ పొట్టు, నిప్పులు పోసుకోవడానికి మందపాటి మట్టి పెంక. తల్లికీ బిడ్డకూ నీళ్ళు పోశాక పొగ పట్టడానికి. అది చూడగానే నా గొంతులో దురద మొదలైంది.

"వదినా, నిప్పులు ఏడ జేద్దాం? పెరట్లనా, ఈడనేనా?" అంది.

"మా ఇంట్ల పొగ వెయ్యం వదినా. నాకు వడదని నీకు ఎరికే గద" అన్నాను.

"నీకు వడకుంటె నువ్వు బయట కూసో. పిల్లకైతె వెయ్యాలె గద?"

"డాక్టరమ్మ గూడ వద్దన్నది. పసిపిల్లల ఊపిరికి మంచిది గాదట."

"ఆ డాక్టరమ్మ పుట్టినప్పుడు వాళ్ళమ్మ పొగ వెయ్యలేదా? మంచిగ బతికి డాక్టరు గాలేదా?"

నా బిడ్డ మంచం మీది నుంచి "అత్తమ్మా, వద్దులే" అంది.  వియ్యపురాలు మూట మీద చేయి పెట్టి అట్లాగే కూర్చుంది. నాకు చిరాకేసింది. ఒక పూట పొగ వేయకపోతే కొంప మునుగుతుందా అని నోటిదాకా వచ్చింది. అప్పుడు ఆమె ఎవరి వంకా చూడకుండా చెప్పింది.

"నీ పెనిమిటి కంటె ముందు నాకో బిడ్డ పుట్టింది పిల్లా. నెల దాటలే. ముసురు వట్టింది, కట్టెలన్నీ నానినయ్, నిప్పులు అంటుకోలే. రెండొద్దులు పొగ వెయ్యకపోతి. సర్ది వట్టి, గుర్రుగుర్రు అనుకుంట పోయింది. పొగ వెయ్యక పిల్లను సంపుకున్నవ్ అని మా అత్త అన్నది. సచ్చేదాక అన్నది."

 నా బిడ్డకు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది.  ఆమె తెచ్చిన మూటలో సాంబ్రాణి కాదు, ఆమె భయం ఉంది. "సరే, పెరట్ల వెయ్యి వదినా. నేను మిద్దె మీదికి వోత" అన్నాను. మా బిడ్డ వద్దంటున్నా మెట్లెక్కాను.

పొగకు మెట్లెక్కడం నా కంటే బాగా వచ్చు. నేను పైన నిలబడి ఊపిరి బిగబట్టుకునేలోపే వచ్చేసింది. ఆ పూట ఎట్లాగో దిగి లోపలికి పోయి పంపు పీల్చుకున్నాను, మంచం ఎక్కాను. లేవలేకపోయాను. మర్నాడు, మా ఇంట్లోనే ఆగిన వియ్యపురాలు పిల్లను చూసుకుంటుంటే, నా కోసం నా బిడ్డ, పచ్చి బాలింత, నడుముకు గుడ్డ కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి గంజి కాచింది. వంటింటి వైపు నుంచి గిన్నెల చప్పుడు వినబడుతుంటే పడుకునే ఏడ్చాను. తల్లిగారింటికి వచ్చి కూతురు తల్లికి సేవ చేసే రాత ఎవరికైనా ఉంటుందా? పిల్లను ఎత్తుకుందామంటే జుట్టు నిండా పొగే. ఒకసారి ఎత్తుకుని వెంటనే మా ఆయన చేతుల్లో పెట్టేశాను.

మూడోనాడు నా బిడ్డ ఆ పెంకను పెరటి గోడ అవతల పెట్టి వచ్చింది. "అత్తమ్మా, కోపం రాకుండ్రి. ఈ ఇంట్ల ఇంగ పొగ లేదు" అంది. వియ్యపురాలు కోపం తెచ్చుకోలేదు. నెమ్మదిగా, అన్నీ ఆలోచించుకున్న మనిషిలా మాట్లాడింది.

"తొట్టెల అయినంక తల్లిని, పిల్లను నేను తోల్కవోత వదినా. నీ పాణం మంచిగుంటది, పిల్లకు పొగ వడ్తది. ఇద్దరికి మంచిదే."

తొట్టెల అంటే ఇరవయ్యొకటో నాడు పిల్లను ఉయ్యాలలో వేసే పండుగ. మూడు నెలలు అనుకున్నది మూడు వారాలకు వచ్చింది. ఆమె చెప్పిన దాంట్లో తప్పు ఎక్కడుందో వెతికాను, దొరకలేదు. అందుకే ఎక్కువ బాధేసింది. తన ఇంట్లో మనవరాలికి కావలసింది చేయలేని అమ్మమ్మ దగ్గర పిల్లను ఎందుకు ఉంచాలి? నేను "నీ ఇష్టం వదినా" అన్నాను. ఆమె మూట కట్టుకుని ఊరికి పోయింది.

మిగిలిన రోజుల్లో పిల్లను నేను ఒక్క క్షణం వదల్లేదు. పొగ లేకుండా తల ఎట్లా ఆరబెట్టాలన్నదే నా ధ్యాస. నీళ్ళు పోయగానే పాత నూలు చీర ముక్కలు ఇస్త్రీ పెట్టెతో వేడి చేసి, నా చెంపకు ఆనించి చూసుకుని, ఒకటి చల్లారగానే ఇంకొకటి మార్చుతూ తల తుడిచేదాన్ని. తర్వాత తల్లీబిడ్డలను మిద్దె మీద లేత ఎండలో కూర్చోబెట్టేదాన్ని. పిల్ల తల దగ్గర ముక్కు పెడితే పాల వాసన, ఎండ తగిలిన గుడ్డ వాసన. వాసన వస్తే పారిపోయే మనిషిని, లోకంలో నేనుగా దగ్గరికి పోయి పీల్చుకున్న వాసన అదొక్కటే. ఎంత పీల్చుకున్నా తనివి తీరలేదు.

వియ్యపురాలు రోజూ ఫోను చేసేది. పలకరింపులు లేవు, కుశలప్రశ్నలు లేవు. "తుమ్మిందా? ముక్కు కారుతున్నదా? ఊపిరి ఎట్ల తీస్తున్నది, ఫోను దగ్గర వెట్టు." ఫోను పిల్ల ఛాతీ దగ్గర పెట్టేదాన్ని. అవతల ఆమె చాలాసేపు వినేది. మొదట్లో ఆ ఫోను మోగితే నాకు ఒళ్ళు మండేది, నా మీద నిఘా పెట్టినట్టుండేది. తర్వాత ఒకరోజు మోగడం ఆలస్యమైతే నేనే చేసి, "పిల్ల మంచిగున్నది వదినా, ఫికర్ జెయ్యకు" అన్నాను. ఇటు నా బిడ్డ మాత్రం బట్టలు మడిచి సంచీలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. నేను గదిలోకి వస్తే ఆపేసేది.

తొట్టెల నాడు ఇంటి ముందు చిన్న టెంటు వేయించాం. అగరుబత్తి లేదు, టపాసులు లేవు. మా వైపు చుట్టాలు "ఇది తొట్టెలనా, మీటింగా?" అని ఎగతాళి చేశారు. వాళ్ళను లెక్కచేసే ఓపిక నాకు లేదు, నా కళ్ళు వీధి మలుపు మీదే ఉన్నాయి. యాచారం నుంచి డీసీఎం వ్యాను వచ్చి ఆగింది. నిండా ఆడవాళ్ళు. ఒక్కొక్కరే దిగుతుంటే చూసి నా గుండె కరిగిపోయింది. పండుగపూట ఒక్క జడలో మల్లెపూలు లేవు. ఒక్క ముఖానికి పౌడరు లేదు. నూనె కూడా లేక జుట్లు రేగిపోయి ఉన్నాయి. "కుంకుడుకాయల తోటి తలలు రుద్దిపించింది మా వదినె. సబ్బు గూడ ముట్టనియ్యలే" అని ఒకామె నాతో మొరపెట్టుకుంది. వియ్యపురాలు వెనక నిలబడి "ఇంగ సాలా వదినా?" అన్నట్టు చూసింది. నేను పోయి ఆమె చేతులు పట్టుకున్నాను.

పట్టుకున్న క్షణంలోనే గొంతు బిగిసింది. మొదట నమ్మలేదు. ఏమీ పూసుకోని మనుషులు, వాసన ఎక్కడి నుంచి? ఇంకొకామె వచ్చి కౌగిలించుకుంది, అప్పుడు తెలిసింది. కలరా ఉండలు. తొట్టెల కదా అని అందరూ ట్రంకు పెట్టెల్లోంచి పట్టుచీరలు తీసి కట్టుకుని వచ్చారు. ఏళ్ళ తరబడి ఆ తెల్ల గోళీల మధ్య మడిచి పెట్టిన చీరలు. వాళ్ళకు అది వాసనే కాదు, మంచి చీర అంటే అట్లాగే ఉంటుంది. ఇరవై ముప్పై పెట్టెలు ఒక్కసారి నా ముందు తెరిచినట్టయింది.

ఎట్లా చెప్పను? పూలు మానుకుని, నూనె మానుకుని, తలలు కుంకుడు రసంతో రుద్దుకుని వచ్చిన వాళ్ళకు ఇంకా పడట్లేదని ఏ ముఖంతో చెప్పను? ఏమీ అనకుండా వెనక్కి వెనక్కి నడిచి, రోడ్డు దాటి, ఎదురింటి అరుగు మీద కూర్చున్నాను. అక్కడ గాలి నా వెనక నుంచి టెంటు వైపు వీస్తోంది. మాలో పిల్లను మొదట తొట్టెలలో వేసేది అమ్మమ్మే. లోపల పాట ఎత్తుకున్నారు, ఆపారు. "అమ్మమ్మేది? అమ్మమ్మను విలువుండ్రి" అని కేకలు. "ఇంగేం నకరాలు వచ్చినయో" అని మా వైపు చుట్టమే ఎవరో అన్నారు. నేను అరుగు మీద కొంగు నోటికి అదుముకుని కూర్చున్నాను. నా ఒంటి మీద నాకే అంత కోపం ఎప్పుడూ రాలేదు. సాయంత్రం ఆ వ్యానులోనే పిల్ల పోతుంది. పోయేలోపు తొట్టెలలో వేసే భాగ్యం కూడా లేకుండా పోయింది.

వియ్యపురాలు రోడ్డు దాటి వచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏం వదినా? మా ఇంట్ల గూసోలేవు సరే. గిప్పుడు మీ ఇంట్ల గూడ మేం వస్తె లేశి వోతవా? ఏం పూసుకోలే గద మేము. ఇంగేం జెయ్యాలె?"

గాలి గొంతుతో చెప్పాను. "చీరెలు వదినా. పెట్టె వాసన. కలరా ఉండలు."

ఆమెకు వినబడక వంగింది. వంగగానే నాకు దగ్గు తెర వచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె గబుక్కున వెనక్కి జరిగింది. నా ముఖం చూసింది. తన కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, మళ్ళీ చూసింది. అప్పుడు ఆమె ముఖం మారిపోవడం నేను చూశాను.

"ఓరి దేవుడా. నూనె గూడ మాన్పిస్తి, ఇది యాదికే రాలే" అంది. నవ్వింది. నవ్వుతూనే రోడ్డు మీద, అంత దూరాన, కాళ్ళు చాపుకుని కూర్చుంది. "ఇన్నొద్దులు నకరాలు అనుకున్న వదినా. మేమంటె నీకు గిట్టదనుకున్న. గా దినం కుర్సీల కెంచి లేశి బర్ల కాడ గూసుంటివి."

"బర్ల వాసన నన్నేం జెయ్యది" అన్నాను. "మీరు మర్యాదకు కొట్టిన సెంటే నన్ను లేపింది."

 ఆమె లేచి మా ఇంట్లోకి పోయింది. లోపల ఏం జరిగిందో నా బిడ్డ తర్వాత చెప్పింది. ఒట్టి నీళ్ళతో స్నానం చేసి, "మీ అమ్మ ఇంట్ల కట్టే చీర ఒకటి తే బిడ్డా" అని అడిగిందట. మిషను ముందు కూర్చునేటప్పుడు నేను కట్టుకునే వెలిసిపోయిన నూలు చీర కట్టుకుని బయటికి వచ్చింది. నా జాకెట్టు ఆమెకు వదులుగా వేలాడుతోంది. ఆమె ఆడబిడ్డ నోరు నొక్కుకుంది. "ఏందే, మనుమరాలి తొట్టెలకు గీ పాత చీరనా? ఫోటోల ఎట్ల వడ్తవ్?"

"టైలరమ్మ చీరె ఇది. మీకు దొరకది" అంది మా వియ్యపురాలు. తర్వాత పెత్తనమంతా ఆమెదే. పట్టుచీరల వాళ్ళందరినీ టెంటు అవతలి కొసకు తోలింది. మా ఆయన, అల్లుడు కలిసి తొట్టెలను ఇనుప స్టాండుతో సహా మోసుకుని రోడ్డు దాటించి అరుగు ముందు పెట్టారు. పిల్లను ఆమే ఎత్తుకుని వచ్చి నా చేతుల్లో పెట్టింది. దూరంగా నిలబడి ఆడవాళ్ళు పాట పాడుతుంటే నేను నా మనవరాలిని తొట్టెలలో వేశాను. నేను కూడా పాడాను, పెదాలు మాత్రమే కదిలాయి.

భోజనాలయ్యాయి. వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు. పట్టుచీరలన్నీ ఎక్కి కూర్చున్నాయి. నా బిడ్డ సర్దిన సంచీ పట్టుకుని గడపలో నిలబడింది, నా వంక చూడలేక నేల చూస్తోంది. పిల్ల అరుగు మీద నా ఒడిలోనే నిద్రపోతోంది. వియ్యపురాలు వచ్చి నా పక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఇన్నేళ్ళలో అంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు. వంగి పిల్ల తల దగ్గర ముక్కు పెట్టింది. అట్లాగే చాలాసేపు ఉండిపోయింది.

"సర్ది వట్టలే గద వదినా, ఇన్నొద్దుల?" అంది.

లేదని తల ఊపాను.

"దగ్గు గూడ రాలే?"

"రాలే."

"మొన్న ముసురు గూడ వట్టె. పొగ వెయ్యకుంటనేనా?"

"వెయ్యకుంటనే."

ఆమె తల ఎత్తింది. పిల్ల ముక్కు రంధ్రాలు మెల్లగా కదులుతుంటే వాటినే చూస్తోంది. ఊపిరి లోపలికి, బయటికి.

"గట్లయితె నా బిడ్డ పొగ లేక సచ్చిపోలే గావచ్చు" అంది. ఎవరినో అనుమతి అడిగినట్టుగా అంది. "గావచ్చు గద వదినా?"

నా గొంతులో మాట లేదు. అయినా ఆమె చేయి పట్టుకుని, ఉన్న గాలంతా కూడగట్టుకుని చెప్పాను. "నీ తప్పు గాదు వదినా. ఎన్నడు గాదు." ఎంతవరకు బయటికి వచ్చిందో తెలియదు. ఆమెకు మాత్రం వినబడింది. నా పాత చీర కొంగు ముఖానికి కప్పుకుని భుజాలు అదిరేలా ఏడ్చింది. పిల్ల నిద్ర లేవకుండా నేను ఒడి ఊపుతూ కూర్చున్నాను. హారన్ మళ్ళీ మోగింది. ఆమె ముఖం తుడుచుకుని లేచి నిలబడి, గడపలో ఉన్న నా బిడ్డను కేకేసింది.

"ఆ సంచి మల్ల ఇంట్ల వెట్టు బిడ్డా."